విశాఖలో వారం రోజులు: మ్యాచ్, నాటకం, కచేరీ అన్నీ పట్టాలంటే

రాజమండ్రి నుంచి మీరు నలుగురు వస్తున్నారు, అందులో ఒకరు డెబ్బై దాటిన అమ్మగారు. డిసెంబరు, జనవరిల్లో ఓ వారం ఉండి ఒక క్రికెట్ మ్యాచ్, రెండు నాటకాలు, ఒక శాస్త్రీయ సంగీత కచేరీ, కుదిరితే సినిమా పాటల లైవ్ షో చూడాలనుకుంటున్నారు. ఏ వారం రావాలి, ఎక్కడ దిగాలి, ఏది ముందు బుక్ చేయాలన్నది మీ ప్రశ్న.

ముందు మ్యాచ్ తేదీ తేల్చుకోండి. మ్యాచ్ రోజు సాయంత్రం ఇంకేమీ పెట్టుకోకూడదు కాబట్టి మిగతా వారమంతా దాన్నిబట్టే కుదురుతుంది. హాళ్లన్నీ ఊరి మధ్యలో ఉన్నాయి: సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం, వీఎంఆర్డీఏ చిల్డ్రన్స్ ఎరీనా, మద్దిలపాలెం దగ్గర పిఠాపురం కాలనీలో కళాభారతి. లైవ్ షోలు జరిగే ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) ఇంజనీరింగ్ కాలేజీ మైదానం కూడా అక్కడికి దగ్గరే. క్రికెట్ స్టేడియం మాత్రం హైవే మీద పీఎం పాలెంలో, ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి సుమారు 14 కిలోమీటర్లు. అందుకని బస సిరిపురం, ద్వారకానగర్, మద్దిలపాలెం మధ్యలోనే చూసుకోండి. సముద్రం కనబడుతుందని రుషికొండలో దిగితే ప్రతి రాత్రీ కార్యక్రమం అయ్యాక అంత దూరం ఆటో వెతుక్కోవాలి. పెద్దావిడతో అది మంచిది కాదు.

మ్యాచ్ టికెట్లు ఆన్‌లైన్లో పెడతారు, తక్కువ ధరవి ముందు అయిపోతాయి. కొన్న మెసేజీ చూపిస్తే గేటు దగ్గర వదిలేస్తారని అనుకోకండి. చాలా మ్యాచ్‌లకు దాన్ని కౌంటరులో చూపించి అసలు టికెట్ తీసుకోవాలి. ఐపీఎల్ మ్యాచ్‌లకు స్టేడియం దగ్గరే కాకుండా ఊళ్లో స్వర్ణభారతి ఇండోర్ స్టేడియంలో కూడా కౌంటర్ పెట్టారు. అలా ఊళ్లో ఉంటే ముందురోజే వెళ్లి తెచ్చుకోండి. బుక్ చేసినవాళ్ల గుర్తింపు కార్డు ఉండాలి, కాబట్టి నలుగురి టికెట్లూ ఒకరి పేరు మీదే తీయండి. మ్యాచ్ రోజు కౌంటరు దగ్గర లైనుకే గంట పోతుంది.

డే నైట్ వన్డే అయితే పడమటి వైపు స్టాండ్ తీసుకోండి. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి మొదలైతే తూర్పు స్టాండ్ వాళ్లకి ఎండ సూటిగా కళ్లల్లో కొడుతుంది, డిసెంబరులో ఐదున్నర దగ్గర పొద్దు గుంకేదాకా అంతే. పడమటి వైపు ఎండ వీపు వెనక ఉంటుంది. రాత్రి మ్యాచ్‌కి ఈ బాధ లేదు, కానీ మంచు పడుతుంది. బంతి తడిసి బౌలర్ చేతిలో జారుతుంది, అందుకే టాస్ గెలిచినవాళ్లు ఎక్కువగా ముందు ఫీల్డింగ్ తీసుకుంటారు. మీ సీట్లు కూడా తడుస్తాయి, పెద్దావిడకి శాలువా, తలకి ఏదైనా పట్టుకెళ్లండి. బ్యాగులు, నీళ్ల సీసాలు, పవర్ బ్యాంకులు, హెల్మెట్లు గేటు దగ్గర ఆపేస్తారు, దాచడానికి చోటు ఉండదు. ఆవిడ మందులుంటే డాక్టరు చీటీతో సహా చిన్న కవర్లో పెట్టండి.

వెళ్లేటప్పుడు తగరపువలస, భీమిలి వైపు హైవే మీదుగా పోయే సిటీ బస్సు ఎక్కితే చాలు. మొదటి బంతికి రెండు గంటల ముందు బయల్దేరండి, ఎందుకంటే హనుమంతవాక దగ్గర ట్రాఫిక్‌లో ఆగిపోతారు. అసలు కష్టం తిరుగు ప్రయాణంలోనే. పాతికవేల మందికి పైగా ఒకేసారి ఒకే రోడ్డు మీదికొస్తారు. గేటు ముందే నిలబడి క్యాబ్ బుక్ చేస్తే బండి మీ దగ్గరికి రాలేదు, డ్రైవరు రద్దు చేసేస్తాడు. ఎండాడ వైపు ఓ కిలోమీటరు నడిచి, రద్దీ దాటాక బుక్ చేయండి. పెద్దావిడ అంత నడవలేరంటే ఆ పూట మాట్లాడుకున్న కారు పెట్టుకుని పోలీసులు చూపించే పార్కింగ్‌లో ఉంచండి, ఆట అయ్యాక అరగంట సీట్లోనే కూర్చుని జనం తగ్గాక లేవండి. ఈ ఒక్క పూటా డబ్బు చూసుకోకండి.

ఆట ఎప్పుడు ముగుస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేరు. 2018 అక్టోబరులో వెస్టిండీస్‌తో వన్డే చివరి బంతి దాకా సాగి టై అయింది. 2023 మార్చిలో ఆస్ట్రేలియా మనవాళ్లని 117కే కూల్చి, పదకొండు ఓవర్లలో కొట్టేసింది. వాన సంగతీ అంతే: 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వల్ల ఇక్కడ జరగాల్సిన వన్డే పూర్తిగా రద్దయింది.

మీరొచ్చే వారం అంతర్జాతీయ మ్యాచ్ లేకపోతే నిరాశ పడకండి. రాష్ట్ర జట్ల మధ్య జరిగే రంజీ ట్రోఫీలో ఆంధ్ర జట్టు మ్యాచ్ ఉందేమో చూడండి. లీగ్ మ్యాచ్ నాలుగు రోజులు జరుగుతుంది, సాధారణంగా టికెట్ ఉండదు, ఇష్టమైన చోట కూర్చోవచ్చు. బౌలర్ చేతి వెనక నుంచి బంతి ఎటు కదులుతోందో చూడాలంటే ఇంతకంటే మంచి అవకాశం లేదు. కొన్ని మ్యాచ్‌లు విజయనగరంలో పెడతారు, వేదిక చూసి బయల్దేరండి.

నాటకాలకి ఆన్‌లైన్లో వెతికితే దాదాపు ఏమీ దొరకదు. దినపత్రికల విశాఖ జిల్లా ఎడిషన్లో ‘నగరంలో నేడు’ లాంటి చిన్న కాలమ్ ఉంటుంది, హాలు పేరు, సమయం అక్కడే వేస్తారు. వచ్చిన రోజు నుంచీ పొద్దున్నే అది చూడండి. నాటక సంస్థలు పెట్టే పరిషత్తు పోటీలైతే మూడు నాలుగు రోజులు వరుసగా జరుగుతాయి, పూటకి రెండు మూడు నాటికలు, ఒక్కోటి గంట లోపే. ప్రవేశం ఉచితం. ఆరుకని వేస్తారు, జ్యోతి ప్రజ్వలన, సన్మానాలు అయ్యేసరికి ఏడవుతుంది. అయినా ఆరింటికే వెళ్లండి, మంచి సీట్లు అప్పుడే ఉంటాయి. ముందు వరుసలు అతిథులకి, న్యాయ నిర్ణేతలకి పోతాయి. వాళ్ల వెనక నాలుగైదు వరుసల్లో, మధ్యలో కూర్చోండి. నటుల మాట వేదిక పైనుంచి వేలాడే మైకుల్లోంచే వస్తుంది. ఒకరు పక్కకి తిరిగి గొంతు తగ్గించి చెప్పే మాట వెనక వరుసలకి అందదు, నాటిక ప్రాణం చాలాసార్లు ఆ మాటలోనే ఉంటుంది. రెండు నాటికల మధ్య సెట్టు మార్చడానికి పావుగంట, ఇరవై నిమిషాలు పడుతుంది. టీకి వెళ్తే సీటు మీద చేతి రుమాలు వేసి వెళ్లండి. పద్యనాటకం పడితే అసలు వదలకండి. అది మాత్రం మూడు గంటలనుకుని ముందే టిఫిన్ కానిచ్చి వెళ్లాలి.

కచేరీకి కళాభారతి. విశాఖ మ్యూజిక్ అండ్ డాన్స్ అకాడమీ వారిది. డిసెంబరు నడిమి నుంచి జనవరి మొదటి రోజుల దాకా పేరున్న విద్వాంసుల్లో చాలామంది చెన్నై సంగీత సభల్లో తీరిక లేకుండా ఉంటారు. అందుకే కచేరీ మీకు ముఖ్యమైతే డిసెంబరు తొలి పక్షంలోగాని, సంక్రాంతి తర్వాతగాని రమ్మంటాను. సాయంత్రం కచేరీ రెండున్నర గంటలు సాగుతుంది: వర్ణం, చిన్న కీర్తనలు, తర్వాత ప్రధాన రాగం, దాని చివర తని ఆవర్తనం, అంటే పాట ఆపి మృదంగం ఒక్కటే వాయించే భాగం. తని మొదలవగానే కొందరు లేచిపోతారు. మీరు కూర్చోండి. మృదంగం, ఘటం ఉంటే రెండింటి మధ్యా జరిగే సంభాషణ వినాలి, లెక్క మెల్లగా కుదించుకుంటూ వచ్చి చివర్లో కోర్వై అనే ముగింపు జతుల వరసని మూడుసార్లు వేసి పల్లవి ఎత్తుగడకి సరిగ్గా దిగడం దగ్గర్నుంచి చూడాలి. మృదంగం వేదిక మీద ఏ పక్కనుంటే హాల్లో ఆ పక్క సీటు తీసుకోండి, వేళ్లు కనబడతాయి.

లైవ్ షో గురించి ఒక్క మాట. మైదానంలో వేదిక ముందు నిలబడే టికెట్ ఖరీదైనా పెద్దావిడకి పనికిరాదు, స్పీకర్ల మోత ఛాతీకి తగులుతుంది. సౌండ్ ఇంజనీర్ కూర్చునే మిక్సర్ దగ్గర కుర్చీ సీటు దొరికితే అదే మేలు, ఆయన అక్కడ వినిపించేదాన్నిబట్టే సౌండ్ సరిచేస్తాడు. బీచ్ రోడ్డు పక్కన జరిగితే ముందుగానే వెళ్లి ఆర్కే బీచ్‌లో మరమరాల మూరి మిక్చర్ తినండి, లోపల తిండి ధరలు ఎక్కువ.

డిసెంబరు మొదట్లో తుఫాను భయం ఇంకా పోదు. 2023లో మిచాంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అందుకని వారంలో ఒక సాయంత్రం ఏమీ పెట్టుకోకుండా ఖాళీగా ఉంచండి, వాయిదా పడ్డది అప్పుడు చూడొచ్చు. నేవీ మారథాన్ ఆదివారం పడితే ఆ పొద్దున బీచ్ రోడ్డు వైపు బండి పోదు.

తిరుగు రైలు మ్యాచ్ మర్నాడు పొద్దున పదింటికి ముందు తీసుకోకండి. టికెట్ తీసేటప్పుడు స్టేషన్ పేరు చూసుకోండి: కొన్ని రైళ్లు విశాఖ స్టేషన్‌కి రాకుండా దువ్వాడలోనే ఆగి వెళ్లిపోతాయి, సిరిపురం నుంచి అక్కడికి గంట పెట్టుకోవాలి.