తాతగారి ట్రంకు పెట్టె, అమ్మాయి కెరీరు

ప్రశ్న: మాది చీరాల. అమ్మాయి బీఏ చరిత్ర, ఆఖరి సంవత్సరం. మొన్న సంక్రాంతికి అటక సర్దుతుంటే మా తాతగారి ట్రంకు పెట్టెలో పాత ఉత్తరాలు, పేపరు కటింగులు బయటపడ్డాయి. అప్పటినుంచి దానికి అదే లోకం. ఒక కార్డు మీద ‘దుర్మతి, వైశాఖం’ అని మాత్రమే ఉంటే అది 1921దని తనే తేల్చింది. ఇప్పుడు ఆర్కైవ్స్‌లో, అదే పాత రికార్డులు భద్రపరిచే చోట, పనిచేస్తానంటోంది. మేమేమో బీఈడీ చెయ్యమంటున్నాం. పాత కాగితాలు చూసుకుంటూ కూర్చుంటే కడుపు నిండుతుందా సార్?

జవాబు: ముందు కడుపు సంగతే మాట్లాడుకుందాం, మీ టెన్షన్ అదే కాబట్టి. ఆర్కైవిస్ట్ అని పేరున్న ప్రభుత్వ పోస్టులు చాలా తక్కువ సార్. హైదరాబాద్ తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది, ఢిల్లీలో నేషనల్ ఆర్కైవ్స్ ఉంది, కానీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆ ఒక్కదాన్నే నమ్ముకుని నాలుగేళ్లు ఇంట్లో కూర్చోమని నేనైతే చెప్పను. స్కానింగ్, డిజిటైజేషన్ ప్రాజెక్టుల్లో పనులు దొరుకుతాయి గానీ చాలావరకు కాంట్రాక్టువి, ప్రాజెక్టు అయిపోతే జీతమూ అయిపోతుంది. అనుభవం కోసమైతే ఫర్వాలేదు.

అందుకని నా సలహా, అన్నం లైబ్రరీ సైన్సు పెడుతుంది, ఆర్కైవ్స్ దాని పక్కన నడవాలి. బీఎల్‌ఐఎస్సీ అంటే లైబ్రరీ సైన్సులో డిగ్రీ, ఏడాది కోర్సు. అది ఉంటే కేంద్రీయ విద్యాలయాల లైబ్రేరియన్ పోస్టుకి అప్లై చేసుకోవచ్చు, ఏడో వేతన సంఘం లెక్కన మూల వేతనం 44,900తో మొదలవుతుంది. దాని పైన పీజీ ఎంఎల్‌ఐఎస్సీ చేసి, నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష కూడా పాసైతే కాలేజీ, యూనివర్సిటీ లైబ్రరీల్లో యూజీసీ స్కేలు, అక్కడ మొదలు 57,700. ఈ పోస్టులకీ పోటీ ఉంది, లేదనను, కానీ బీఈడీ చేసి డీఎస్సీ కోసం కూర్చునేవాళ్లతో పోలిస్తే ఇక్కడ జనం తక్కువ. ఇంకో మాట, 2022 నుంచి యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చదవనిస్తోంది, కాబట్టి ఎంఏ చరిత్ర రెగ్యులర్‌గా కాలేజీలో, బీఎల్‌ఐఎస్సీ దూరవిద్యలో (ఇగ్నోలో ఉంది, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలోనూ ఉంది) పెట్టుకుంటే ఏడాది మిగులుతుంది. ఎంఏ ఎందుకంటే, నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్‌లో ఏడాది డిప్లొమా ఉంది, దానికి పీజీ కావాలి. అక్కడే కొన్ని వారాల చిన్న కోర్సులు కూడా నడుపుతారు, కాగితాల మరమ్మతు లాంటివి.

ప్రభుత్వం ఒక్కటే కాదు. పుణెలో రిజర్వ్ బ్యాంకుకీ టాటాలకీ సొంత ఆర్కైవ్స్ ఉన్నాయి, ముంబైలో గోద్రెజ్‌కి ఉంది, బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే సైన్సు సంస్థ 2019లో ఒకటి తెరిచింది. వాటి వెబ్‌సైట్లు చూస్తూ ఉండమనండి. ఊరు వదిలి వెళ్లడానికి మీరు ఒప్పుకుంటారా అన్నది ఇంట్లో తేల్చుకోవాల్సిన విషయం.

ఇప్పుడు మీ అమ్మాయి గురించి. నిజం చెప్పాలంటే ఆ దుర్మతి కార్డు సంగతి చదివాకే ఇంత పొడుగు జవాబు రాయాలనిపించింది. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తాయి కదా, అంటే దుర్మతి 1861 కావచ్చు, 1921 కావచ్చు, 1981 కావచ్చు. మన దేశంలో పోస్టు కార్డు వచ్చిందే 1879లో, కాబట్టి 1861 పోయింది. మీ కార్డు మీద జార్జి రాజు బొమ్మ ఉండి ఉంటుంది, దాంతో 1981 పోయింది. మిగిలింది 1921. ఆ వేసవిలోనే మీ ఊళ్లో చీరాల-పేరాల ఉద్యమం, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్లు వదిలేసి ఊరి బయట రామ్‌నగర్‌లో పాకలు వేసుకున్న రోజులు. మున్సిపాలిటీ పన్నులు మాకొద్దని సుమారు 11 నెలలు అక్కడే ఉన్నారు. కార్డులో ధాన్యం ధర, పెళ్లి కబురు మాత్రమే ఉన్నా సరే, ఆ నెలలో చీరాల నుంచి రాసిందైతే దాన్ని పారేయకూడదు. ఎవరూ నేర్పకుండా ఈ లెక్క కట్టిందంటే పిల్లకి ఈ పని చేతనవుతుంది సార్.

ఈ పనికి విలువ లేదని మాత్రం అనకండి. నెల్లూరు జర్నలిస్టు బంగోరె, అదే బండి గోపాలరెడ్డిగారు, సీపీ బ్రౌను జాబులు వెతికి పట్టుకుని, అందులోంచి పందొమ్మిదో శతాబ్దపు తెలుగు పత్రికల చరిత్ర బయటికి లాగారు. జాబులన్నీ ఎవరో దాచబట్టే కదా అది సాధ్యమైంది.

అయితే మోజు వేరు, రోజూ ఎనిమిది గంటల పని వేరు. అందుకే ఈ వేసవిలో ఒక పరీక్ష పెట్టండి. ఒక రిజిస్టరు కొనివ్వండి. ట్రంకులోంచి యాభై ఉత్తరాలు తీసి ఒక్కోదానికి నంబరు, తేదీ, ఎవరు ఎవరికి, ఏ ఊరి నుంచి, విషయం రెండు ముక్కల్లో, కాగితం ఎలా ఉంది, ఇవన్నీ రాయమనండి. నంబరు ఉత్తరం మీద పెన్నుతో కాదు, పెన్సిలుతో, మూలన చిన్నగా. ఈ ఉద్యోగంలో ముప్పావు వంతు ఇదే, దుమ్ము, జాబితాలు, నడుం నొప్పి. ఇరవై ఉత్తరాలకే విసుగొస్తే బీఈడీ అప్లికేషన్ తెప్పించండి. యాభై అయ్యాక ఇంకో రిజిస్టరు అడిగితే మీరు అడ్డం పడకండి.

కటింగులతో ఇంకో చిక్కుంది. కత్తిరించినవాళ్లు పత్రిక పేరు, తేదీ వదిలేస్తారు. అప్పుడు వెనక్కి తిప్పి చూడాలి, అటువైపు సగం తెగిన సినిమా ప్రకటనో బంగారం ధరో ఉంటే తేదీ దొరికినట్టే. సరిచూసుకోవడానికి మీ పక్కనే వేటపాలెం సారస్వత నికేతనం ఉంది, 1918లో పెట్టిన గ్రంథాలయం, పాత పత్రికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మీరు ఆటో ఎక్కితే చాలు. వారానికి రెండ్రోజులు వెళ్లి, వాళ్లు ఒప్పుకుంటే ఏదో ఒక పనిలో సాయం చెయ్యమనండి.

వీలైతే ఉర్దూ లిపి కూడా మొదలుపెట్టమనండి, తర్వాత ఫార్సీ. తార్నాక ఆర్కైవ్స్‌లో షాజహాను, ఔరంగజేబు కాలంనాటి దక్కను కాగితాలు ఫార్సీలోనే ఉన్నాయి, ఆ గొలుసుకట్టు రాత చదివేవాళ్లు తగ్గిపోతున్నారు. తెలుగు, ఇంగ్లీషు, ఫార్సీ మూడూ చదవగలిగిన అమ్మాయికి నేను వేరే సిఫారసు ఉత్తరం రాయక్కర్లేదు.

చివరగా ఒక జాగ్రత్త, ఇది నా తప్పులోంచి చెబుతున్నది. మా నాన్న రాసిన ఉత్తరం ఒకటి మడత దగ్గర చిరిగితే సెల్లోటేపు అంటించాను. పదేళ్లలో టేపు ఊడిపోయింది, జిగురు మాత్రం పసుపు మరకై రెండు లైన్లు మింగేసింది. కాబట్టి టేపు వద్దు, స్టేపులర్ వద్దు, తుప్పు పడుతుంది. లామినేషన్ అసలే వద్దు. పేపరు కటింగులు ఉత్తరాల మధ్య పెట్టకండి, న్యూస్‌ప్రింటులో ఆమ్లం ఎక్కువ, పక్క కాగితానికీ ఆ రంగు దిగుతుంది. విడి కవర్లలో పెట్టి, ముందు ఫోన్‌తో ఫొటోలు తీసుకోండి. ట్రంకు మళ్లీ అటకెక్కించి ఉంటే ఈ రోజే దించండి సార్, చీరాల ఎండకి పైకప్పు కింద వేడి ఎంతుంటుందో మీకు నేను చెప్పాలా.