1981లో పెళ్లయినా వాటా ఉంది.. గడువు మాత్రం దగ్గర పడింది

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. నా పెళ్లి 1981లో అయింది. 1998లో నాన్న వీలునామా లేకుండా పోయారు. తాతల నాటి ఆరెకరాల పల్లం, ఇల్లు ఇద్దరు తమ్ముళ్ల చేతిలో ఉన్నాయి. 2001లో ఒక ఎకరం అమ్మేశారు. ‘1985కి ముందు పెళ్లయిన ఆడపిల్లకు హక్కు లేదు, 1999లోనే పెద్దల ముందు పంచుకున్నాం’ అంటున్నారు. పదకొండేళ్ల కిందట సంక్రాంతికి వెళ్తే, ‘అప్పా, నీకేటుంది ఇక్కడ?’ అని పెద్దమనుషుల ముందే పంపేశారు. అమ్మ మంచాన పడితే చేసింది నేను. ఆమె పోయాక ఏదో సర్టిఫికెట్ కోసమని తమ్ముడు తెచ్చిన కాగితాల మీద చదవకుండా సంతకం చేశాను. ఇప్పుడు నాలుగు లక్షలిస్తాం, పాత తేదీతో ఒక కాగితం రాసియ్యమంటున్నారు. ఇన్నేళ్లు ఆడవాళ్లు పోరాడి తెచ్చుకున్న సమాన హక్కు నాకు వర్తించదా?
– ఒక సోదరి, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మకు చేసిన సేవ వల్ల మీ వాటా సెంటు కూడా పెరగదు. కట్నం, సారె తీసుకున్నందువల్ల సెంటు కూడా తగ్గదు. ఆ రెండూ దావాలో రాయించకండి. మీ కేసును తేల్చేది ఆ సంక్రాంతి నాటి మాట. ఉత్తరంలో మీరు బాధతో రాసిన ఆ వాక్యాన్నే రేపు అవతలి వకీలు కోర్టులో పట్టుకుంటాడు.

ముందు పెళ్లి తేదీ సంగతి. పోరాట చరిత్ర మీకు పనికొచ్చేది ఇక్కడే, అదీ తేదీల వరకే. 1937 నాటి హిందూ స్త్రీల ఆస్తి హక్కు చట్టం వితంతువుకు బతికినంత కాలం అనుభవించే హక్కు ఇచ్చింది, అమ్ముకునే హక్కు ఇవ్వలేదు. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ దాన్ని సంపూర్ణ హక్కుగా మార్చింది. తండ్రి సొంత ఆస్తిలో కూతురికీ సమాన వాటా ఇచ్చింది. పిత్రార్జితం, అంటే తాతల నాటి ఉమ్మడి ఆస్తి జోలికి మాత్రం వెళ్లలేదు. (అంబేద్కర్ తెచ్చిన హిందూ కోడ్ బిల్లు ముందుకు సాగక 1951లో ఆయన మంత్రి పదవి వదులుకోవాల్సి వచ్చింది. ఆ బిల్లులో కూతురి వాటా మీదా పెద్ద గొడవే జరిగింది.) ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లను పిత్రార్జితంలో సమాన హక్కుదారులను చేసింది కానీ, అప్పటికే పెళ్లయిన వాళ్లను వదిలేసింది. మీ తమ్ముళ్లు ఇక్కడే ఆగిపోయారు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణలో పెళ్లి షరతే లేదు. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనవసరం లేదని, హక్కు పుట్టుకతోనే వస్తుందని వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. కాబట్టి 1981 పెళ్లి మీకు అడ్డం కాదు.

ఇక 1999 పంపకం. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతో గానీ కోర్టు డిక్రీతో గానీ జరిగిన పంపకాన్నే చట్టం కాపాడుతుంది. పెద్దల ముందు నోటిమాటతో పంచుకున్నామంటే సాధారణంగా చెల్లదు. అయితే ఒక మెలిక ఉంది. అప్పటి నుంచే ఇద్దరి పేర్లా వేరువేరు పట్టాలు, పాసు పుస్తకాలు, శిస్తు రసీదులు ఉంటే, అలాంటి ప్రభుత్వ రికార్డుల బలంతో అరుదుగా నోటి పంపకాన్నీ కోర్టు ఒప్పుకోవచ్చు. అందుకే 1998 నుంచి 2005 వరకు ఏడాదివారీ అడంగల్ (ఏ భూమి ఎవరి సాగులో ఉందో చూపే రికార్డు), 1-బి (ఎవరి పేరున ఎంత భూమి ఉందో చూపే రిజిస్టరు) నకళ్లు తహసీల్దార్ కార్యాలయం నుంచి తీయించండి. ఈసీ (భూమి మీద రిజిస్టరయిన దస్తావేజుల వివరాలు చూపే పత్రం) ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకుముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి. మీ ఊళ్లో రీసర్వే అయి ఉంటే పాత సర్వే నంబరు మీదా, రీసర్వేలో ఇచ్చిన కొత్త ఎల్పీఎం (భూమి పటం) నంబరు మీదా రెండు ఈసీలు తీయాలి. ఒక్కదానితో సరిపెట్టుకుంటే మధ్యలో రాసిన దస్తావేజు కనపడకుండా పోతుంది.

మన ప్రాంతంలో చాలా ఊళ్లు ఒకప్పటి జమీందారీ గ్రామాలు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత సెటిల్‌మెంట్‌లో ఇచ్చిన పట్టా మీ తాతగారి పేరున ఉంటే సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్‌లో కనిపిస్తుంది. దాని సర్టిఫైడ్ నకలు తెచ్చుకోండి. భూమి పిత్రార్జితమని తేలినా, నాన్నగారి సొంతమని తేలినా, వీలునామా లేదు కనుక చివరికి మీది మూడో వంతే. దావాలో రెండు వాదనలూ రాయించండి. మిగిలిన అయిదెకరాల్లో ఎకరా అరవై ఆరు సెంట్ల పైచిలుకు, ఇంట్లో మూడో వంతు వస్తుంది. 2001లో అమ్మిన ఎకరం మీద ఆశ వదులుకోండి. అది 2004 గీతకు ముందు జరిగిన అమ్మకం. పైగా కొన్నవాడు స్వాధీనంలోకి వచ్చి 12 ఏళ్లు ఎప్పుడో దాటాయి.

ఇప్పుడు గడువు. మామూలుగా ఒక వాటాదారు స్వాధీనం అందరి స్వాధీనం కిందే లెక్క, ఏళ్లు గడిచినా హక్కు పోదు. కానీ ‘నీకు లేదు’ అని తెగేసి చెప్పిన రోజు నుంచి లెక్క మారుతుంది. ఉమ్మడి ఆస్తి నుంచి తప్పించారని తెలిసిన రోజు నుంచి 12 ఏళ్లలో దావా పడాలి. ఇది లిమిటేషన్ చట్టం 110వ ఆర్టికల్. మీకు పదకొండేళ్లు అయిపోయాయి. లాయరు నోటీసు ఇచ్చినా, తహసీల్దార్‌కు అర్జీ పెట్టినా, కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌కు వెళ్లినా ఈ గడియారం ఆగదు. కోర్టులో దావా దాఖలైతేనే ఆగుతుంది. ఆఖరి రోజు పండగ సెలవుల్లో పడితే కోర్టు తెరిచిన రోజు వేయొచ్చు కానీ, అంతదాకా లాగకండి.

తమ్ముళ్లు అడుగుతున్న పాత తేదీ కాగితం మీద సంతకం పెట్టారో, మీ చేతులతో మీరే కేసు ముగించినట్టు. అది రిజిస్టరు కాదు కదా, చెల్లదులే అనుకోవద్దు. గతంలో జరిగిపోయిన కుటుంబ ఒప్పందాన్ని గుర్తుగా రాసుకున్న కాగితానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని, సంతకం చేసినవాళ్లు తర్వాత కాదనలేరని 1976లో కాలే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘1999లో పంపకం జరిగింది, నా వాటా ముట్టింది’ అని రాయించడం వెనక ఉన్న తెలివి అదే. పైగా తప్పుడు తేదీతో పత్రం పుట్టించిన నేరంలో మీరూ భాగస్తులవుతారు. మీకు భూమి వద్దు, డబ్బే కావాలంటే ఈనాటి తేదీతో, ఇచ్చే మొత్తం రాసి, బ్యాంకు ద్వారా తీసుకుని, సబ్ రిజిస్ట్రార్ దగ్గర హక్కు విడుదల దస్తావేజు చేయండి. ఆ నాలుగు లక్షలు ఎకరా అరవై ఆరు సెంట్లకు సరైన ధరేనా అన్నది మీరు చూసుకోండి.

చదవకుండా సంతకాలు పెట్టడం ఏమిటమ్మా? అవి ఏ కాగితాలో కూడా మీకు గుర్తు లేదు. భూమి రికార్డుల్లో పేరు మార్పు (మ్యుటేషన్) కోసం వాటిని వాడి ఉండొచ్చు, తహసీల్దార్ కార్యాలయంలో ఆ మ్యుటేషన్ ఫైలు మొత్తం సర్టిఫైడ్ నకలు అడగండి. అందులో ‘అభ్యంతరం లేదు’ అన్న అఫిడవిట్ ఉన్నా, రిజిస్టరు కాని కాగితంతో భూమి మీద హక్కు బదిలీ కాదు. అయినా అది బయటపడితే మీరేం చెప్పాలో ఇప్పుడే మీ వకీలుతో మాట్లాడుకోండి.

భూమి ఉన్న పరిధిలోని సివిల్ కోర్టులో పంపకం దావా వేయండి. కుటుంబ ఆస్తులన్నీ షెడ్యూల్లో ఉండాలి, ఇల్లు వదిలేస్తే పాక్షిక పంపకమని అడ్డు తగులుతారు. వాటాదారులందరినీ పార్టీలుగా చేర్చాలి. దావాతో పాటే ఆస్తి అమ్మకుండా తాత్కాలిక ఇంజంక్షన్ అడగాలి. కోర్టు ఫీజు తగ్గుతుందని ‘ఉమ్మడి స్వాధీనంలో ఉన్నాను’ అని రాయమని ఎవరైనా చెబితే వినకండి. మిమ్మల్ని తప్పించారన్నది నిజం. అప్పుడు వాటా మార్కెట్ విలువలో నాలుగింట మూడు వంతుల మీద ఫీజు పడుతుంది. ఆ భారం మీ మీద పడనక్కర్లేదు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసాయం దొరుకుతుంది. వకీలుతో పాటు కోర్టు ఫీజు కూడా అందులోకే వస్తుంది. విజయనగరం జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు ఆధార్, నాన్నగారి మరణ ధ్రువపత్రం, ఈసీ, అడంగల్ నకళ్లు పట్టుకుని ఈ వారమే వెళ్లండి. దావా పడ్డాక తమ్ముళ్లు దిగివస్తే లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు. అక్కడి అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు.