కుళాయిలో మురుగు నీళ్లు: పరిహారం అడిగే ముందు చేయాల్సినవి

ప్రశ్న: మేము ఆంధ్రప్రదేశ్‌లోని ఒక నగరంలో ఉంటున్నాం. వానలు మొదలైనప్పటి నుంచి కుళాయి నీళ్లు పసుపు రంగులో, మురుగు వాసనతో వస్తున్నాయి. వీధిలో చాలామందికి వాంతులు, విరేచనాలయ్యాయి. మా అబ్బాయిని ఆసుపత్రిలో చేర్చాం. ఫిర్యాదు చేస్తే ‘మీ సంపులోనే లోపం ఉంది’ అంటున్నారు. నీటి పన్ను క్రమం తప్పకుండా కడుతున్నాం. రాష్ట్రంలోని నగరాలన్నీ పాటించాల్సిన నీటి ప్రమాణం ఉందా? పరిహారం అడగవచ్చా?

జవాబు: అడగవచ్చు. అయితే ‘సంపులోనే లోపం’ అన్న మాటను ముందు తిప్పికొట్టాలి. ఇలాంటి కేసులు చట్టం లేక కాదు, సాక్ష్యం లేక వీగిపోతాయి.

నీళ్లు సంపులో పడకముందే, వీధి పైపు నుంచి వచ్చే మొదటి కుళాయి దగ్గర నమూనా పట్టండి. పై ట్యాంకు నీళ్లు పరీక్షకు పంపితే ఆ నివేదిక మీకే ఎదురు తిరుగుతుంది. సూక్ష్మజీవుల పరీక్షకు మామూలు సీసా పనికిరాదు. ప్రయోగశాల ఇచ్చే సీసాలోనే పట్టి, ఐస్ పెట్టెలో ఉంచి, 24 గంటలు దాటకుండా అందజేయాలి. నీటిలోని క్లోరిన్ దారిలోనే క్రిములను చంపేయకుండా ఆ సీసాలో ముందే సోడియం థయోసల్ఫేట్ వేసి ఇస్తారు. దాన్ని కడిగేయకండి. నమూనా పట్టేటప్పుడు రమ్మని పురపాలక సిబ్బందికి రాతపూర్వకంగా తెలపండి. వాళ్లు రాకపోతే ఇద్దరు ఇరుగుపొరుగు వారి సంతకాలతో తేదీ, సమయం రాసి ఉంచండి.

ఒకవేళ కుళాయికి నేరుగా మోటారు బిగించి నీళ్లు లాగుతుంటే ఈ రోజే ఆపేయండి. సరఫరా ఆగి పైపులో ఒత్తిడి పడిపోయినప్పుడు పగుళ్ల గుండా పక్క కాలువలోని మురుగు లోపలికి చేరుతుంది. మోటారు దాన్ని మరింత లాగుతుంది. పైగా అది మీ కేసును కూడా బలహీనపరుస్తుంది.

ఇక ప్రమాణం సంగతి. తాగునీటికి భారతీయ ప్రమాణాల సంస్థ నిర్ణయించినది ఐఎస్ 10500. దాని ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ-కోలి (మలం కలిసిందని చూపే బాక్టీరియా) కనిపించనే కూడదు. విచారమేమిటంటే, సీసాల్లో అమ్మే నీటికి ఆహార భద్రతా చట్టం వర్తిస్తుంది కానీ, కుళాయి నీటి విషయంలో ఈ ప్రమాణం తప్పిన పురపాలక సంస్థను నేరుగా శిక్షించే కేంద్ర చట్టం లేదు. కోట్లాది మంది తాగే నీటికి ఇంత బలహీనమైన రక్షణ ఉండటం అన్యాయమని నా అభిప్రాయం. అలాగని మీరు నిస్సహాయులు కారు. కాలుష్యం లేని నీరు రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. నిధులు లేవన్న సాకు చెల్లదని అంతకుముందే, 1980లో, మధ్యప్రదేశ్‌లోని రత్లాం పురపాలక సంఘం కేసులో తేల్చింది.

సమాచార హక్కు చట్టం కింద మీ వార్డు నీటి పరీక్షల రిజిస్టరు, క్లోరిన్ నమోదులు, పైపు మరమ్మతుల వివరాలు కోరండి. ప్రాణానికి సంబంధించిన సమాచారాన్ని 48 గంటల్లో ఇవ్వాలని సెక్షన్ 7(1) చెబుతోంది. దరఖాస్తులో ఆ సెక్షన్ పేర్కొనండి.

పరిహారానికి చాలామందికి తెలియని దారి శాశ్వత లోక్ అదాలత్. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం సెక్షన్ 22ఎ ప్రజలకు నీటి సరఫరాను ప్రజోపయోగ సేవగా గుర్తించింది. కోర్టు ఫీజు లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు. కోటి రూపాయల విలువ వరకు వివాదాలు వింటుంది. రాజీ కుదరకపోతే తానే తీర్పు ఇవ్వగలదు. మామూలు లోక్ అదాలత్‌కు ఆ అధికారం లేదు. ఆసుపత్రి బిల్లులు, డిశ్చార్జి పత్రం, నీటి పన్ను రసీదులు, పరీక్ష నివేదిక జతచేసి దరఖాస్తు ఇవ్వండి. ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోను చేయవచ్చు. వినియోగదారుల కమిషన్‌కు వెళితే, పన్ను కట్టేవారు వినియోగదారులవుతారా అన్న వాదనతోనే కాలం గడిచిపోవచ్చు.

మీ వీధివారంతా కలిస్తే, పైపు బాగుచేయించేందుకు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 152 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. రత్లాం ప్రజలు పాత కోడ్‌లోని ఇలాంటి సెక్షన్‌తోనే గెలిచారు.

ఒక జాగ్రత్త. శాశ్వత లోక్ అదాలత్‌లో దరఖాస్తు వేశాక అదే వివాదంపై మరో కోర్టుకు వెళ్లకూడదు. దాని తీర్పుపై అప్పీలు కూడా లేదు. వీధిలో ఎవరైనా చనిపోయి ఉంటే, లేదా అనేక కుటుంబాల తరఫున అడగాలనుకుంటే, 226వ అధికరణం కింద హైకోర్టుకు వెళ్లడమే మేలు. కాబట్టి కాగితాలన్నీ ఒక న్యాయవాదికి చూపించాకే దరఖాస్తుపై సంతకం చేయండి.