నవల చదివి లైటు ఆర్పనివ్వని అమ్మాయి

ప్రశ్న: ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి, పాత పిచ్చాసుపత్రిలో జరిగే ఇంగ్లీషు హారర్ నవల ఒకటి తెచ్చుకొని రాత్రిళ్లు చదువుతోంది. అందులోని నలుపు తెలుపు ఫొటోల పేజీలను బట్టల క్లిప్పు పెట్టి మూసేస్తుంది, వరండాలో లైటు ఆర్పనివ్వదు, అయినా పుస్తకం వదలదు. మాన్పించాలా?
– ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: మాన్పించకండి. క్లిప్పు పెట్టుకుంటోందంటే ఎంతవరకు భయపడాలో తానే నిర్ణయించుకుంటోందన్నమాట. పడుకునే ముందు కాకుండా సాయంత్రం వెలుతురులో చదవమనండి, వీలైతే నాలుగు పేజీలు మీరూ చదివించుకొని వినండి.

నన్ను కలవరపెట్టేది మరొకటి. ఇలాంటి నవలల్లో చాలాసార్లు రోగినే దయ్యంగా చూపిస్తారు, కానీ చరిత్రలో నిజంగా భయపడాల్సి వచ్చింది రోగులే. మెదడులోని నరాల అనుసంధానాన్ని తెంచే లోబోటమీ శస్త్రచికిత్సను 1935లో మొదలుపెట్టిన పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్‌కు 1949లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మత్తుమందు ఇవ్వకుండా కరెంటు షాకు చికిత్స చేయడాన్ని, రోగులను గొలుసులతో కట్టేయడాన్ని నిషేధించింది. ఈ సంగతులు అమ్మాయికి తప్పక చెప్పండి. ‘ఎర్రగడ్డకు పంపాలె’ అని మన ఇళ్లలో అలవాటుగా అనే మాటను కూడా, దయచేసి, ఆమె ముందు అననివ్వకండి.

నవల ముగిసి రెండు వారాలైనా నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.