బోరులో డీజిల్ వాసన వస్తే సరిపోదు, ఎవరి డీజిలో తేలాలి

ప్రశ్న: అనంతపురం జిల్లాలో మాకు నాలుగెకరాల చీనీ తోట ఉంది. తూర్పు గట్టు అవతలే రక్షణ శాఖ వాహనాల డిపో ప్రహరీ. 2021 ఆగస్టులో బోరు నీళ్లు డీజిల్ వాసన కొట్టడం మొదలైంది. గేటు దగ్గరికి పోయి ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా పట్టించుకోలేదు. పాడి ఎనుము చచ్చిపోయింది, చెట్లు ఎండుతున్నాయి, ఆ దిగులుతో మా నాయన మంచం పట్టాడు. నీళ్లు పరీక్ష చేయిస్తే టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాలు), ఫ్లోరైడ్ ఎక్కువని వచ్చింది. లోపలి ట్యాంకులు కనిపించేలా డ్రోన్‌తో వీడియో తీస్తానని మా అల్లుడు అంటున్నాడు. సివిల్ కోర్టులో కోటి రూపాయలకు దావా వేయవచ్చా? అరకిలోమీటరు దూరంలో రోడ్డు మీద ఒక పెట్రోలు బంకు ఉంది గానీ దానికి సంబంధం లేదనుకుంటున్నాం.

జవాబు: మీ కేసు ఎనుము మీదా, మీ నాయనగారి మంచం మీదా నిలబడదు. మీరు చివర్లో ఒక్క వాక్యంలో దాటేసిన పెట్రోలు బంకు మీద నిలబడుతుంది, లేదా పడిపోతుంది. 'సంబంధం లేదనుకుంటున్నాం' అన్నారు. దేన్ని బట్టి అనుకుంటున్నారు? డిపో దగ్గరుంది, బంకు దూరంగా ఉంది అనేనా? మన జిల్లాలో భూమి కింద ఉన్నది ఎక్కువగా గ్రానైట్ రాయి. నీళ్లు, వాటితో పాటు డీజిల్, ఆ రాతి పగుళ్లు ఎటు పోతే అటు పోతాయి. పక్క పొలం బోరు తేటగా ఉండి, దూరంలో ఉన్నది పాడైపోవడం ఇక్కడ వింతేమీ కాదు.

అమెరికాలో క్యాంప్ లెజ్యూన్ అనే మెరైన్ దళ స్థావరంలో 1953 నుంచి 1987 దాకా తాగునీటిలో విషపూరిత ద్రావకాలు కలిశాయి. స్థావరం లోపలి లీకులు, పారబోతలు కొంత కారణం. అయితే అందులోని ఒక నివాస కాలనీ బావులు పాడైంది స్థావరం బయట ఉన్న డ్రైక్లీనింగ్ దుకాణం వల్ల. గోడ పక్కన కాలుష్యం కనిపించినంత మాత్రాన అది గోడ లోపలి నుంచే వచ్చిందని కాదు.

ఇప్పుడు చట్టం. దావా వేయాల్సింది సివిల్ కోర్టులో కాదు. జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం, 2010లోని 29వ సెక్షన్ ఇలాంటి పరిహారం విషయంలో సివిల్ కోర్టుకు అధికారం లేకుండా చేసింది. మన రాష్ట్రానికి చెన్నైలోని దక్షిణ మండల బెంచి. అక్కడ 17వ సెక్షన్ మీకు రెండు విధాల అండ. ఒకటి, ప్రమాదవశాత్తూ జరిగిన లీకైతే అవతలివారి నిర్లక్ష్యాన్ని మీరు నిరూపించక్కర్లేదు, వాళ్ల కార్యకలాపం వల్ల నష్టం జరిగిందని చూపితే చాలు. రెండు, కారణాలు ఒకటికి మించి ఉంటే బాధ్యతను ట్రిబ్యునలే పంచవచ్చు. అందుకే రక్షణ శాఖ కార్యదర్శి ద్వారా భారత ప్రభుత్వం, డిపో అధికారి, కాలుష్య నియంత్రణ మండలి, కలెక్టరుతో పాటు బంకు యజమానినీ, ఆయిల్ కంపెనీనీ ప్రతివాదులుగా చేర్చండి. బంకును వదిలేస్తే డిపో తరఫువారు నింద దాని మీదకు తోస్తారు, జవాబు చెప్పడానికి అక్కడ ఎవరూ ఉండరు.

గడువు గురించి మీరు ఒక్క మాటా అడగలేదు. అదే నాకు భయం. పరిహారం, భూమి పునరుద్ధరణ కోరే 15వ సెక్షన్ కింద, కారణం 'మొదట తలెత్తిన' రోజు నుంచి ఐదేళ్లు. తగిన కారణం చూపితే మరో అరవై రోజులు, ఆ పైన ట్రిబ్యునల్ చేతిలో కూడా లేదు. పర్యావరణ వివాదాల పరిష్కారం కోరే 14వ సెక్షన్‌కు గడువు ఆరు నెలలే, అది మీకు ఎప్పుడో దాటిపోయింది. వాసన 2021 ఆగస్టులో మొదలైందని మీరే రాశారు, కాబట్టి 2026 ఆగస్టు మీ గోడ. రోజూ కొత్తగా నష్టం జరుగుతోంది కదా, గడువూ రోజూ కొత్తగా మొదలవుతుంది కదా అని ఎవరైనా ధైర్యం చెబితే, ఆ వాదనను చివరి ఆయుధంగా దాచుకోండి, దాన్ని నమ్ముకుని కూర్చోకండి. గడువు కలిసొస్తుందని తేదీని మార్చేసి, వాసన 2023లో మొదలైందని రాసే ఆలోచన అసలు వద్దు, ఊళ్లో ఒక్క సాక్షి చాలు దాన్ని బద్దలు కొట్టడానికి. క్యాంప్ లెజ్యూన్ బాధితుల్లో చాలామందికి స్థానిక చట్టంలోని పదేళ్ల గడువే అడ్డుపడింది. వాళ్ల కోసం 2022లో ప్రత్యేక చట్టం తేవాల్సి వచ్చింది. మీ కోసం పార్లమెంటు చట్టం చేస్తుందని ఎదురుచూడలేరు కదా.

ఇన్నేళ్లు గేటు దగ్గర నోటిమాటతో చెప్పి వచ్చారు. ఒక్క కాగితం లేదు, ఒక్క రసీదు లేదు. ఎనుముకు పోస్టుమార్టం చేయించినట్టు మీరు రాయలేదు, చేయించకపోతే అది లెక్కలోకి రాదు. చెట్ల సంగతి వేరు. ఈ-పంటలో నమోదు ఉందా? ఉంటే ఏటేటా ప్రతులు తీసుకోండి. ఉద్యాన శాఖ అధికారిని తోటకు పిలిపించి ఎండిన చెట్లు లెక్కించి నివేదిక రాయించండి. 1బి, అడంగల్, బోరు కరెంటు బిల్లులు దీనికి జత.

ఆ పరీక్ష రిపోర్టును పక్కన పెట్టండి. ఫ్లోరైడ్ మన జిల్లా నీళ్లలో సహజంగానే ఉంటుంది, ఆ కాగితం చూపిస్తే మీ నీళ్లు మొదటి నుంచీ అంతే అని అవతలివాళ్లు సంతోషంగా ఒప్పుకుంటారు. మీరు అడగాల్సినవి ఇంధనంలో ఉండే బెంజీన్, టోలీన్, ఇథైల్‌బెంజీన్, జైలీన్, మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఈ పరీక్షలకే ఉన్న ల్యాబ్ కావాలి, ల్యాబ్‌కు గుర్తింపు ఉంటే చాలదు. బెంజీన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి లీటరుకు 0.01 మిల్లీగ్రాము. నీళ్ల బాటిల్లో నింపి పంపితే దారిలోనే ఆవిరైపోతుంది. ల్యాబ్ ఇచ్చే 40 మిల్లీలీటర్ల గాజు సీసాలో, పైన గాలి బుడగ లేకుండా, యాసిడ్ చుక్కలతో నింపి, ఐసులో పెట్టి పంపాలి, 14 రోజుల్లోపు పరీక్ష కావాలి. తొట్టిలోంచి పట్టకండి. బోరును కాసేపు నడిపి పాత నీళ్లు పోయాక, పైపు దగ్గరే సన్నటి ధారతో పట్టండి. వేసవిలో నీటిమట్టం పడిపోయినప్పుడు ఒకసారి, వానల తర్వాత ఒకసారి తీయండి. డీజిల్ నీటి మీద తేలుతుంది కాబట్టి మట్టంతో పాటు పైకీ కిందికీ కదులుతుంది.

మీ బోరొక్కటే కాదు, ఎగువన ఉన్న ఒక మంచి బోరు, బంకు వైపు ఒకటి, డిపో వైపు ఒకటి పరీక్షించాలి. ల్యాబ్‌ను అంకెలతో పాటు క్రొమాటోగ్రామ్ (పరీక్ష యంత్రం గీసే గీతల పటం) కూడా ఇమ్మనండి. అది డీజిలా, పెట్రోలా, పాత ఇంజన్ ఆయిలా అన్నది ఆ గీతల ఆకారంలో తెలుస్తుంది. అయితే మీరొక్కరే తీసిన నమూనాకు 'మీరే ఒక బాటిల్ పోశారు' అనే ఒక్క మాట చాలు. అనంతపురంలోని కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో ఫిర్యాదు పంపి, వాళ్ల అధికారి, వీఆర్వో సమక్షంలో సీలు వేయించి పంచనామా రాయించండి. డిపో నుంచి బయటికొచ్చే కాలువ నీటికైతే 1974 జల చట్టం 21వ సెక్షన్ పద్ధతి ఉంది: నోటీసిచ్చి, వాళ్ల ఎదుట రెండు భాగాలు చేసి సీలు వేయాలి. అది తప్పితే ఫలితం సాక్ష్యంగా పనికిరాదు.

డ్రోన్ మాట. అల్లుడికి ఈరోజే గట్టిగా చెప్పండి. 1923 అధికార రహస్యాల చట్టం 3వ సెక్షన్ నిషిద్ధ స్థలాన్ని పరిశీలించడాన్నీ, దాని పటాలు తీయడాన్నీ గూఢచర్యం కింద చూస్తుంది, రక్షణ సంస్థ విషయంలో శిక్ష పద్నాలుగేళ్ల దాకా. రైతు కేసు ఒక్క రాత్రిలో గూఢచారి కేసు అవుతుంది, మీ డీజిల్ గురించి అడిగేవాడుండడు. లోపల చూడాలంటే చట్టబద్ధమైన దారి ఉంది. కేంద్ర, రాష్ట్ర కాలుష్య మండళ్లు, కలెక్టరు ప్రతినిధితో సంయుక్త కమిటీ వేయమని మొదటి విచారణలోనే మధ్యంతర దరఖాస్తు పెట్టండి. ట్రిబ్యునల్ తరచుగా వేస్తుంది. డిపో ట్యాంకుల లీకు పరీక్షలూ, బంకు వాళ్ల రోజువారీ డిప్ కొలతల (ట్యాంకులో ఇంధనం మట్టం) రిజిస్టర్లూ ఆ కమిటీ ముందుకు రావాల్సిందే.

ఇంకో పొరపాటు చాలామంది చేసేది: బోరు లోతు పెంచడం. వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) అనుమతి సంగతి అలా ఉంచి, పై పొరలోని డీజిల్‌కు కిందికి మీరే దారి తవ్వినట్టవుతుంది. కేసు తేలేదాకా ముట్టకండి. ఆ నీళ్లు కాచినా, ఆర్వో పెట్టినా తాగడానికి పనికిరావు. కాస్తే బెంజీన్ వంటింటి గాల్లోకి వస్తుంది.

ఏం కోరాలి? కోటి అంకె మానుకోండి. పరిహారం అడిగిన మొత్తం మీద ఒక శాతం ఫీజు కట్టాలి, కోటికి లక్ష. నిరూపించగల పంట నష్టం ఎంతో అంతే అడగండి. అసలు బలం 15(1)(సి)లో, ఆ ప్రాంత పర్యావరణాన్ని పునరుద్ధరించమనడంలో ఉంది. 'శుభ్రం చేయించండి' అని ఒక్క ముక్క రాస్తే పై మట్టి రెండడుగులు తీసి కొత్త మట్టి పోసి అయిపోయిందంటారు. పర్యవేక్షణ బోర్లతో కాలుష్యం ఎంత దూరం, ఎంత లోతు పాకిందో ముందు గీయాలి. నీటి మీద తేలే నూనెను తోడాలి. తవ్విన మట్టిని ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారమే తరలించాలి. బెంజీన్ అంకె పరిమితి కిందికి వచ్చి ఒక వేసవి, ఒక వానాకాలం అక్కడే నిలవాలి. ఈ నాలుగూ విడివిడిగా రాయండి. అప్పటిదాకా ట్యాంకరు నీళ్లు కూడా.

ఇది నడుస్తుండగానే కలెక్టరుకు మరో అర్జీ పెట్టండి. కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు 2025 జూలైలో వచ్చాయి. అనుమానిత స్థలాల జాబితా పంపాల్సింది స్థానిక సంస్థ లేదా జిల్లా యంత్రాంగం, ఆ తర్వాత ప్రాథమిక అంచనాకు రాష్ట్ర మండలికి 90 రోజులు, వివరమైన సర్వేకు మరో మూడు నెలలు. ఈ అర్జీ పెట్టిన సంగతి ట్రిబ్యునల్‌కు చెప్పాలి. ఎక్కడైనా రూపాయి అందినా చెప్పాలి, దాచితే 15(5) కింద మీ మీదికే వస్తుంది. కొత్త బోరు వేయిస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి అని ఎవరైనా వస్తే, ఆ కాగితంలో 'ఇక ఎలాంటి క్లెయిమూ లేదు' అనే వాక్యం ఉందేమో చూడకుండా పెన్ను తీయకండి.