యువ రచయితకు లేఖ: విదర్‌స్పూన్ గురించి

తమ్ముడికి,

స్కాట్లండ్ నుంచి అమెరికా వెళ్లిన పాదిరి జాన్ విదర్‌స్పూన్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. బాగా శ్రమపడ్డావు. కానీ మొదటి పేరాలోనే ఆయన చేత 1776 అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం పెట్టించేశావు. సంతకం చేసినవాళ్లలో పాదిరిగా సేవలో ఉన్నది ఆయన ఒక్కడే, నిజమే. కానీ ఆ తర్వాత వ్యాసమంతా పదవుల పట్టీ అయిపోయింది. మనిషి కనపడలేదు.

స్కాట్లండ్‌లో పెయిస్లీ ఊరి చర్చి సంఘాన్ని వదిలి, ఇప్పుడు ప్రిన్స్‌టన్ అంటున్న న్యూజెర్సీ కాలేజీకి అధ్యక్షుడిగా రమ్మంటే ఆయన భార్య ఎలిజబెత్ ససేమిరా అంది. సముద్రం దాటడమంటే ఆమెకు ప్రాణభయం. ఆయన మొదట రానని చెప్పేశారు కూడా. ఎడింబరోలో వైద్యం చదువుతున్న బెంజమిన్ రష్ వాళ్లింటికి వచ్చి నచ్చజెప్పాక గాని ఆమె మెత్తబడలేదు. 1768లో ఓడ ఎక్కారు. పదిమందిని కన్న ఆ తల్లికి అప్పటికి ఐదుగురే మిగిలారు. ఆ ఐదుగురిలో కొడుకు జేమ్స్‌ని 1777లో, అమెరికా స్వాతంత్ర్య పోరాటంలోని జర్మన్‌టౌన్ యుద్ధం మింగేసింది. నువ్వు దాన్ని వట్టి తేదీగా రాశావు. ఆమె వైపు నిలబడి చెప్పు. అలాగని ఆమె నోట మాటలు కల్పించకు.

ఇంకా పెద్ద లోటు ఉంది. అంతకుముందు స్కాట్లండ్‌లోనే బీత్ ఊళ్లో పాదిరిగా ఉన్నప్పుడు, 1756లో, ఆయన జేమీ మాంట్‌గొమరీ అనే బానిసకు బాప్తిస్మం ఇచ్చి, మంచి నడవడి గలవాడని పత్రం రాసిచ్చారు. యజమాని వర్జీనియాకు పంపేయబోతే జేమీ తప్పించుకున్నాడు. ఎడింబరోలో పట్టుబడి, కోర్టు తీర్పు రాకముందే జైల్లో చనిపోయాడు. 1774 ప్రాంతంలో విదర్‌స్పూన్ ఇద్దరు స్వతంత్ర ఆఫ్రికన్లకు తానే పాఠాలు చెప్పారు. 1794లో ఆయన పోయేనాటికి ఆస్తి లెక్కలో ఇద్దరు బానిసలున్నారు.

దైవసేవకుడికి మచ్చ వస్తుందని ఇదంతా వదిలేశావేమో. మన సంఘాల్లో పాదిరుల చరిత్రలు చాలావరకు అలాగే రాస్తూ వచ్చారు. నాకది నచ్చదు. జేమీ పేరు ఎగరగొట్టి ఆ పాదిరి కథ చెప్పడం అన్యాయం. ఉన్నవన్నీ పక్కపక్కన పెట్టు. పొంతన కుదర్చబోకు, ఆయన్ని వెనకేసుకురాకు.

ముందు బీత్ భాగం రాసి పంపు.

నీ అన్న