విజయవాడలో ఉంటూ రకరకాల టీలు రుచి చూడటం హాబీగా ఎలా మొదలుపెట్టాలి?

బ్లాక్, గ్రీన్, ఊలాంగ్, వైట్... అన్నీ ఒకే జాతి మొక్క ఆకులే. కోశాక ఆకును ఎలా ఆరబెట్టారు, గాలికి ఎంత రంగు మారనిచ్చారు అన్నదాన్ని బట్టి రకం మారుతుంది.

మన కిరాణా కొట్లలో దొరికేది ఎక్కువగా సీటీసీ, అంటే గుళికల టీపొడి. పాలు, అల్లం వేసి మరిగించడానికి దాన్ని మించింది లేదు, దాన్ని మానేయక్కర్లేదు. హాబీకి మాత్రం ఆకు కనిపించే ఆర్థడాక్స్ టీ కావాలి. బెజవాడ కొట్లలో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి.

మొదట డార్జిలింగ్ కొనండి. వసంతంలో తొలిసారి కోసే ఫస్ట్ ఫ్లష్ లేత రంగులో పూలవాసనతో ఉంటుంది. మే, జూన్‌లలో కోసే సెకండ్ ఫ్లష్ చిక్కగా, పండిన ద్రాక్ష వాసనతో ఉంటుంది. రెండూ పక్కపక్కన పెట్టి తాగితే తేడా ఇట్టే తెలుస్తుంది. ధర ఎక్కువే, కాబట్టి 50 గ్రాములు చాలు. ప్యాకెట్ మీద కోత ఏడాది లేకపోతే నేనైతే కొనను. చవగ్గా కావాలంటే నీలగిరి టీ మంచిది.

పాలు వద్దు. బోరు నీళ్లు వాడితే వాసన చస్తుంది, ఫిల్టర్ నీళ్లు వాడండి. గ్రీన్ టీకి సలసల కాగే నీళ్లు పోస్తే చేదెక్కుతుంది, 80 డిగ్రీలు చాలు. మన ఎండలకు, ఉక్కపోతకు ఆకు త్వరగా పాడవుతుంది. గట్టి మూత ఉన్న డబ్బాలో, పొయ్యికీ మసాలాలకూ దూరంగా పెట్టండి.